మా చిన్నమ్మ రెండు సీట్ల కారు

ధర్మవరంలో మా చిన్నమ్మ వాళ్ళది ముందు పట్టుచీరల అంగడి, వెనక ఇల్లు. ఇంటి పక్కనే ఒకప్పుడు మగ్గాలు ఆడిన పొడవాటి గది ఒకటుంది. ఆ గదిలోని మగ్గాలు తీయించి మా చిన్నాయన ఒక కారు పెట్టుకున్నాడు. మామూలు కారు కాదు. నేలను రాసుకుంటూ పోతుందేమో అన్నంత కిందికి ఉండే స్పోర్ట్స్ కారు. రెండే తలుపులు, రెండే సీట్లు. పైన రేకు బదులు మందపాటి గుడ్డ. క్లిప్పులు విప్పి చేత్తో వెనక్కి మడిస్తే నెత్తిమీద ఆకాశం తప్ప ఏమీ ఉండదు. బెంగుళూరులో ఒక డాక్టరు కొన్నాళ్ళు వాడి వదిలేస్తే ఆయన తెచ్చుకున్నాడు. దాని రంగును ఆ డాక్టరు ఏమని పిలిచేవాడో తెలియదు గానీ, మా చిన్నాయన చీరల భాషలోనే చెప్పేవాడు. "రామా గ్రీన్. అంచు లేదు, అంతే."

ఆయన తల్లిని మేమంతా అవ్వ అంటాం. ఆ కారంటే అవ్వకు మొదటినుంచీ గిట్టదు. ఆదివారం పొద్దున ఆయన బండి బయటికి తీసి, "రామ్మా, పెనుకొండ దాకా పోయొద్దాం" అని పిలిచేవాడు. అవ్వ గడపలోంచే, "మనిషి కూర్చునేదానికి చేసినారా, పండుకునేదానికి చేసినారా దాన్ని? నేను రాను పో" అనేది. ఆయన నవ్వి, మా చిన్నమ్మను ఎక్కించుకుని పోయేవాడు. మళ్ళీ ఆదివారం మళ్ళీ పిలిచేవాడు.

ఒక మధ్యాహ్నం అంగట్లో గిరాకీలకు చీరలు చూపిస్తూ, పరుపు మీదే పక్కకు ఒరిగిపోయాడు. గుండె. ఆసుపత్రికి తీసుకుపోయేసరికే అంతా అయిపోయింది.

దినాలు కాగానే బంధువులు కారు సంగతి ఎత్తారు. పిల్లలు లేని ఇల్లు, ఇద్దరు ఆడవాళ్ళు, ఆ ఆటబొమ్మను ఏం చేసుకుంటారు, అమ్మేయండి అన్నారు. అవ్వ కూడా అదే మాట అంది. ఆవిడ కోపం వేరు. "ఆదివారం వచ్చిందంటే ఆ ఇనప ముక్కతోనే గడిపె. నాతో రొంతసేపు కూర్చునుంటే వాని సొమ్మేం పోయింది?" అని ఏడ్చేది. మా చిన్నమ్మ ఎవరికీ ఎదురు చెప్పలేదు. "ఉండనీండి" అంది. ఆ నెలలోనే డ్రైవింగ్ స్కూల్లో చేరింది.

అప్పటికి ఆవిడకు యాభై దగ్గర పడుతోంది. అంతవరకు స్కూటీ కూడా తోలింది లేదు. స్కూలువాళ్ళ కారు మీద నేర్చుకుని, లైసెన్సు తెచ్చుకుని, ఒకరోజు పొద్దున్నే రామా గ్రీన్ కారు తాళం చెవి చేతిలోకి తీసుకుంది. నేను హిందూపురంలో జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. ఆ ఆదివారం గేటు ముందు ఏదో గుర్రుమంటే బయటికి వచ్చాను. చిన్నమ్మ. తలకు తువ్వాలు కట్టుకుని, కళ్ళద్దాల నిండా దుమ్ముతో, స్టీరింగ్ రెండు చేతులా పట్టుకునే కూర్చుని ఉంది.

"చిన్నమ్మా! ఒక్కదానివే వచ్చినావా?"

"ముందు నా చేతులు విప్పు పాపా. స్టీరింగుకు అతుక్కపోయినాయి" అంది.

నవ్వుతూనే ఏడ్చింది. నేనూ అంతే.

ఆ తర్వాత చాలా ఏళ్ళు అదే మా ఆదివారం. హిందూపురంలో అంగళ్ళకు చీరలు ఇవ్వాల్సి ఉంటే వచ్చేది, లేకపోయినా వచ్చేది. ఇద్దరం పెనుకొండ దాకా పోయి, కోట గోడ కనిపించే చోట ఆపి, టీ తాగి తిరిగొచ్చేవాళ్ళం. ఆ కారులో కూర్చుంటే రోడ్డు మీద ప్రతి గులకరాయీ మన వెన్నుకు తెలుస్తుంది. ఇంజను గట్టిగా మాట్లాడుతుంది కాబట్టి మనుషులు మాట్లాడుకోవాల్సిన పని ఉండదు. మా ఇద్దరికీ అది హాయిగా ఉండేది. దాబాల దగ్గర లారీ డ్రైవర్లు, "ఏమబ్బా, ఆయమ్మ రేసుకు పోతాండాదా?" అని వాళ్ళలో వాళ్ళు అనుకునేవాళ్ళు. చిన్నమ్మ వినిపించుకోనట్టు కూర్చునేది గానీ పెదవి కొస కదిలేది.

పెళ్ళిళ్ళకు, గృహప్రవేశాలకు చుట్టాలు ఎవరైనా "మమ్మల్ని కూడా ఎక్కించుకో" అంటే ఆవిడ దగ్గర ఒకటే జవాబు. "రెండే సీట్లు గదప్పా." భర్త పోయిన ఆడమనిషి మీద ఊరంతా పెత్తనం చేసే కాలంలో, ఆ మాట ఆవిడకు ఎంత అండగా ఉండేదో నాకు తెలుసు. తనతో ఎవరు రావాలో తనే చెప్పగలిగిన చోటు అదొక్కటే.

ఆ కారు చేసిన కంపెనీ ఆ మోడల్‌ను ఎప్పుడో ఆపేసింది. మొదట్లో మాకు ఆ తేడా తెలియలేదు. తర్వాత ఒక్కొక్క వస్తువూ దొరకడం మానేసింది. అద్దం పైకెత్తే పిడి విరిగితే బెంగుళూరులో వెతికించాల్సి వచ్చింది. పై గుడ్డ చిరిగితే హిందూపురంలో లారీ టార్పాలిన్లు కుట్టే ఆయన కుట్టిపెట్టాడు. బండి చూసే మెకానిక్కు హిందూపురం ఆయనే. ఓపిక మనిషి. గేరుబాక్సు మొరాయించడం మొదలుపెట్టాక, ఆయన కూడా చేతులు తుడుచుకుంటూ, "అక్కా, అబద్ధం చెప్పలేను. ఈసారికి ఎట్లో చేసినా. మళ్ళా పోయిందంటే పళ్ళ చక్రం యాడా లే. చేసినోళ్ళే చేసేది ఆపేసినారు" అన్నాడు.

చిన్నమ్మ తల ఊపింది.

కొన్నాళ్ళకు తనే ఫోన్ చేసింది. "పాపా, అదే పేరుతో కంపెనోళ్ళు కొత్త కారు ఇడిసినారంట. బెంగుళూర్లో ఉండాదంట. చూసొద్దామా?"

షోరూములో అద్దాల వెనక, తెల్లని లైట్ల కింద ఉంది అది. ముందు వైపు చూపు పాతదాని పోలికే. తండ్రి ముక్కు వచ్చిన కూతుర్ని చూసినట్టనిపించింది. కానీ ఒడ్డూ పొడుగూ పెరిగింది. గుడ్డకు బదులు రేకు కప్పు. వెనక ఇంకో సీటు. క్లచ్చు లేదు, గేర్లు వాటంతట అవే పడతాయి. షోరూము అబ్బాయి ఎంతో మర్యాదగా అన్నీ చూపించి, "అదే కారు మేడం, ఈ కాలానికి తగ్గట్టు మార్చారు" అన్నాడు.

"ఇది అదే కారయితే, ఇంట్లో ఉండేది ఏంది నాయనా?" అంది చిన్నమ్మ. వెటకారం కాదు, నిజంగానే అడిగింది.

నడిపి చూసింది. మెత్తగా పోయింది. ఒక బటన్ నొక్కితే స్పీకర్లలోంచి ఇంజను చప్పుడు వస్తుందని ఆ అబ్బాయి నొక్కి వినిపించాడు. చిన్నమ్మ కారు పక్కకు ఆపి నా వైపు చూసింది. తిరిగి వచ్చేటప్పుడు, "ఎట్లుంది?" అని అడిగితే చెప్పింది. "మిషన్ మగ్గం చీర మాదిరి ఉండాది. నున్నగా ఉండాది, యాడా తప్పు లే. నేసిన చెయ్యి కూడా లే."

అంతటితో ఆ మాట ముగిసిందనుకున్నాను. ముగియనివ్వనిది ఆవిడ మోకాలు.

మెట్లు ఎక్కేటప్పుడు పట్టేస్తోందని ఎప్పటినుంచో అంటూనే ఉంది. ఒక ఆదివారం నేను ధర్మవరంలో ఉన్నాను. ఇద్దరం కారులో బయలుదేరి, చెన్నేకొత్తపల్లి దగ్గర హైవే మీదికి ఎక్కబోతున్నాం. క్లచ్చు నొక్కిన ఎడమకాలు నొక్కినట్టే బిగుసుకుపోయింది. కారు రోడ్డుకు అడ్డంగా, ఎటూ కాకుండా నిలబడింది. వెనక లారీ ఒకటి హారన్ కొట్టి కొట్టి, మా పక్కనుంచి ఒరుసుకున్నట్టు పోయింది. నేను కిందికి వంగి రెండు చేతులతో ఆవిడ కాలు పట్టుకుని లాగాను. పక్కనున్న కంకర మీదికి ఎట్లా తెచ్చిందో తెచ్చింది. ఇంజను ఆపేసి, పమిటతో మొహం తుడుచుకుంది.

"నాకేమైనా అయితే అయిందిలే. పక్కన నువ్వుండావు" అంది. కాలు నొక్కుకుంటూ, "ఎవురికీ చెప్పొద్దు" అంది.

మరునాడే కొత్తదానికి బుక్ చేసింది. బండి రావడానికి కొన్ని వారాలు పట్టింది. ఆ వారాల్లోనే హిందూపురం మెకానిక్కు మడకశిర దగ్గర వక్కతోట ఉన్న ఒకాయన గురించి చెప్పాడు. పాత బండ్లంటే ఆయనకు పిచ్చి. ఇట్లాంటి మూలపడిన కార్లు ఎక్కడున్నా కొని, వాటినుంచి పళ్ళ చక్రాలూ బోల్టులూ తీసి దాచుకుంటాడట. భార్యతో కలిసి ధర్మవరం వచ్చి, కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, సగం కన్నడంలో సగం తెలుగులో చెప్పాడు. "అమ్మా, తోటలో షెడ్డు ఉండాది. ఎండ తగలనీను, వాన తగలనీను. తోలేది నేను, పక్కన కూర్చునేది నా హెండతి" అని భార్యను చూపించాడు. ఆమె సీటు మీద దుమ్మును కొంగుతో తుడిచింది. చిన్నమ్మ అది చూసింది. "సరే, తీసుకోండి" అంది.

అప్పగించేది హిందూపురంలో, మెకానిక్కు దగ్గర. ఆఖరిసారి తనే తోలతానని చిన్నమ్మ మోకాలికి పట్టీ కట్టుకుంది. తను పాత కారులో, నేను కొత్త కారులో వెనక వెళ్ళాలని అనుకున్నాం. ఆ పొద్దున రెండు కార్లూ వీధిలో ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉన్నాయి. అంగడి పిల్లలు, పక్కింటివాళ్ళు వచ్చి చూస్తున్నారు. అవ్వ గోడ పట్టుకుని మెల్లగా బయటికి వచ్చింది.

"యాడికి పోతాది అది?"

"హిందూపురానికి అత్తా. ఆణ్ణుంచి మడకశిరకు" అంది చిన్నమ్మ.

"మళ్ళా రాదా?"

"రాదు."

"తోలేది ఎవురు?"

"నేనే."

"పక్కన?"

"ఎవురూ లే. పాప కొత్తదాంట్లో వస్తాది."

అవ్వ కారు వైపు కాసేపు చూసింది. ఆయన పోయినప్పటినుంచి ఆ గది వైపు కూడా వెళ్ళని మనిషి. చేతికర్ర నా చేతికిచ్చి, "అయితే నన్ను ఎక్కించు" అంది.

చిన్నమ్మ మొహంలో రంగులు మారాయి. మోకాళ్ళు వంగవు, అంత కిందికి దిగలేవు, నడుము పట్టేస్తుంది, కొత్తదాంట్లో కూర్చో అని ఎన్నో చెప్పింది. అవ్వ వినలేదు. చివరికి ఇంట్లోంచి పీట తెచ్చి వేసి, ముందు పీట మీద కూర్చోబెట్టి, అక్కణ్ణుంచి ఇద్దరం చంకల కింద చేతులు వేసి సీట్లోకి జార్చాం. కాళ్ళు ఒక్కొక్కటే ఎత్తి లోపల పెట్టాం. "బాయిలోకి దిగినట్టుండాది" అంది అవ్వ. తర్వాత పైకి చూసి, "ఈ గుడ్డ తీయి. వాడు తీసేవాడు గదా" అంది.

చిన్నమ్మ క్లిప్పులు విప్పింది. గుడ్డను వెనక్కి మడిచి పెట్టింది.

నేను కొత్త కారులో కూర్చున్నాను. నాకు అది కొత్త. ఎడమకాలు మాటిమాటికీ లేని క్లచ్చు కోసం వెతికేది. లోపల చల్లగా ఉంది, ఏ శబ్దమూ లేదు. అద్దంలోంచి ముందుపోతున్న రామా గ్రీన్ కారు కనిపిస్తూనే ఉంది. రెండు తలలు. ఒకటి తువ్వాలు కట్టుకున్నది, ఒకటి నెరిసింది. వేరుశనగ చేల మధ్యనుంచి పోతుంటే అవ్వ ముడి వీడి, తెల్ల వెంట్రుకలు సీటు వెనక్కి ఎగరడం మొదలుపెట్టాయి. ఆవిడ వాటిని సర్దుకోలేదు. చెయ్యి తలుపు మీద పెట్టుకుని కూర్చుంది, అంతే.

హైవే ఎక్కాక, పెనుకొండ వైపునుంచి పెద్ద ట్రెయిలర్లు ఎదురొచ్చాయి. అక్కడి ఫ్యాక్టరీలో తయారైన కొత్త కార్లను రెండంతస్తులుగా ఎక్కించుకుని పోతున్నాయి. ఒక్కో ట్రెయిలర్ పోయినప్పుడల్లా ఆ గాలికి పాత కారు కొంచెం ఊగేది.

పెనుకొండ దగ్గర ఎత్తు మొదలయ్యేసరికి దాని వేగం పడిపోయింది. గేరు మారడం లేదని నాకు వెనకనుంచే అర్థమైంది. ఇంజను గొంతు పెరిగింది, బండి మాత్రం ఎద్దుబండిలా కదులుతోంది. నా వెనక బస్సు ఒకటి హారన్ మోగిస్తోంది. చిన్నమ్మ చెయ్యి బయటికి చాపి, ముందుకు పొమ్మని ఊపింది. నేను పోలేదు. మళ్ళీ ఊపింది, ఈసారి విసుగ్గా.

పెడల్ మీద కాలు అలా ఆనించానో లేదో, కొత్త కారు ఏమాత్రం కష్టపడకుండా పక్కకు వచ్చి, దాన్ని దాటేసింది. దాటుతున్నప్పుడు ఒక్క క్షణం తల తిప్పాను. చిన్నమ్మ పళ్ళు బిగబట్టి రోడ్డును చూస్తోంది. అవ్వ కళ్ళు మూసుకుని, గాలికి మొహం ఎత్తి ఉంది. తర్వాత వాళ్ళు నా అద్దంలో చిన్నగా అయిపోయారు. పైకి వెళ్ళి, టీ అంగడి దగ్గర ఆపి, రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాను. చాలాసేపటికి ఆ చప్పుడు వినిపించింది. ఆ తర్వాతే కారు కనిపించింది.

అవ్వను మళ్ళీ దించి ఎక్కించడం కష్టమని టీ అక్కడికే తెచ్చిచ్చాం. టీ అంగట్లో ఉన్న పెద్దాయన ఒకడు వచ్చి కారు మీద చెయ్యేసి, "ఏమవ్వా, బలే కారుండాదే! ఎవురిది?" అన్నాడు.

"నా కొడుకుది" అంది అవ్వ.

చిన్నమ్మ గ్లాసు పట్టుకుని అటు తిరిగింది.

హిందూపురంలో మడకశిర దంపతులు ముందే వచ్చి ఉన్నారు. మెకానిక్కు గేరు సరిచేసి, మడకశిర దాకా ఫరవాలేదు అన్నాడు. కాగితాల పని అయ్యాక చిన్నమ్మ తాళం చెవి ఆయన భార్య చేతిలో పెట్టి, "చలికాలం పొద్దున వెంటనే పలకదు. తిట్టద్దు. రొంతసేపు ఆగి మళ్ళా తిప్పండి" అంది. ఆయన కారు తీశాడు. మూల తిరిగాక కూడా కొంతసేపు ఇంజను చప్పుడు వినిపించింది. అది పూర్తిగా ఆగేదాకా ఎవరూ కదల్లేదు. చిన్నమ్మ ఏడవలేదు. మా ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, సంగటీ పప్పూ తిని, కాసేపు నడుం వాల్చింది.

సాయంత్రం ఎండ తగ్గాక కొత్త కారులో ఇద్దరూ ధర్మవరం వెళ్ళిపోయారు. పొద్దున పాత కారులో అవ్వ ఏమన్నదీ చిన్నమ్మ నాకు మరుసటి వారం ఫోన్లో చెప్పింది. పెనుకొండ ఎత్తు మీద, గేరు పడక, వెనక హారన్ల మధ్య తను కంగారు పడుతుంటే, అవ్వ ఉన్నట్టుండి తన మోచెయ్యి పట్టుకుందట. "ఎన్నితూర్లు పిల్చినాడో వాడు. నేనే రాలా. వాడు నాతో కూర్చోలేదు అనుకుంటి ఇన్నేండ్లు" అందట.

"నువ్వేమన్నావు?" అని అడిగాను.

"నాకు యాడ మాట్లాడేదానికి అయింది పాపా, గేరు పట్టుకోని ఉంటి. ఇప్పుడైనా వస్తివి గదా అత్తా, అంటి."

కొత్త కారు మీద చిన్నమ్మ కొంతకాలం ఫిర్యాదులు చేసింది. బెల్టు పెట్టుకోకపోతే అరుస్తుంది, పక్క గీత తొక్కితే అరుస్తుంది, అత్తగారి కంటే ఎక్కువగా తప్పులు పడుతుంది అనేది. మోకాలు నొప్పి తగ్గిందని మాత్రం దాచలేదు. మడకశిర ఆయన ఒకసారి వీడియో పంపాడు. వక్కచెట్ల మధ్య మట్టిదారిలో రామా గ్రీన్ కారు వస్తోంది. చిన్నమ్మ ఒకసారి చూసి, "బాగుండాది" అని, ఫోను బోర్లా పెట్టింది. మళ్ళీ చూడలేదు.

మొన్న వానలకు బుక్కపట్నం చెరువు నిండిందని ఎవరో చెబితే, పోయి చూద్దామని అడిగింది అవ్వే. నేను రైల్లో ధర్మవరం వెళ్ళాను. అవ్వ ముందు సీట్లో, నేను వెనక. ఆ వెనక సీటు పేరుకే సీటు, నా మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. చెరువు కట్ట మీద జనం. నీళ్ళు కంటికి ఆనినంత దూరం ఉన్నాయి. కట్ట కింద చేపలు అమ్ముతున్నారు. అవ్వ అద్దం దించమని, బుట్టలోకి తొంగిచూసి, పెద్దవి రెండు చేపలు బేరం చేసేసింది.

"అత్తా, కొత్త కారు! వాసన పోదు. సీట్లకు పట్టుకుంటాది" అంది చిన్నమ్మ.

"వాసన పోకుంటే పోకపోనీ. ఎన్నాళ్ళు కొత్తగానే పెట్టుకుంటావు దాన్ని?"

చిన్నమ్మ నా వైపు చూసింది. ఆవిడ దిగి, చేపలను రెండు కవర్లలో చుట్టించి, డిక్కీలో పెట్టించింది. ధర్మవరం చేరేసరికి కారంతా చెరువు వాసన. ఆ రోజు పులుసు అవ్వే దగ్గరుండి చేయించింది. నేను రెండుసార్లు వడ్డించుకున్నాను.